గడియ టైలరు

గడియ టైలరుకి రొమ్ము మీద, సరిగ్గా గుండె ఉండే చోట, జానెడు చెక్క తలుపు ఉండేది. వాళ్ల నాన్నకీ ఉండేది కాబట్టి వీధిలో ఎవరూ వింతగా చూడలేదు. రోజూ పొద్దున్నే ప్రార్థన చేసుకుని, ఆ తలుపుకి గడియ పెట్టి, చొక్కా గుండీలు పెట్టుకుని, అప్పుడు కొట్టు తెరిచేవాడు. "గడియ పెట్టావురా?" అని ఎదురింటి పెద్దమ్మ అడిగేది, కాఫీ తాగావా అన్నంత మామూలుగా.

లోపల ప్రభువు ఉంటాడని నాన్న చెప్పాడు. ఉండేవాడు కూడా. భార్య పోయిన ఈ నాలుగేళ్లలో టైలరుకి ఇంట్లో వినిపించే అలికిడి అదొక్కటే. ఒక చిన్న దగ్గు, కుర్చీ జరిపిన చప్పుడు. అదీ లేకపోతే పిచ్చెక్కేది పాపం.

అలాంటివాడి బుద్ధి టీచరమ్మ జాకెట్టు దగ్గర గడ్డి తింది. ఆవిడ భర్తకి ఓడల మీద పని, ఏడాదికోసారి వస్తాడు. టైలరు కొలత తెలిసీ చెయ్యి అరంగుళం బిగించి కుట్టాడు, తర్వాత వదులు చేయడానికి లోపల గుడ్డ దాచి మరీ. ఆవిడ మళ్లీ వచ్చింది. అది వదులు చేసి రెండో చెయ్యి బిగించాడు. ఆవిడ వచ్చే రోజుల్లో గడియ పెట్టడం మానేశాడు. కాస్త గాలి ఆడుతుందిలే అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

మూడోసారి మధ్యాహ్నం వచ్చింది. వీధిలో ఎవరూ లేరు.

"మీ కొలత తప్పదంటారే అందరూ?"

టైలరు టేపు వంక చూశాడు.

"పోనీలెండి," అందావిడ మెల్లగా. "ఇంట్లో గోడలతో మాట్లాడలేక నేనూ వస్తున్నాను. రేపు మా ఇంటికే రండి, అక్కడే సరిచేద్దురుగాని."

వస్తానండీ అనబోయాడు. అంతలో రొమ్ములో చప్పుడైంది. దగ్గు కాదు. లోపల ఎవరో లేచి, కుర్చీ సర్ది, చెప్పులు వేసుకుంటున్నారు. తర్వాత తలుపు మీద వేలితో రెండుసార్లు, కాస్త దారి ఇస్తావా అన్నంత మర్యాదగా.

టైలరు తలుపు మీద చెయ్యి అదిమి పెట్టుకున్నాడు. "వెళ్లకయ్యా," అని గొణిగాడు. తర్వాత పైకే అన్నాడు.

"తప్పు నాదేనండీ. కావాలనే బిగించాను. కూర్చోండి, ఇప్పుడే విప్పేస్తాను."

రెండో చెయ్యి కూడా వదులు చేసి ఇచ్చాడు. "ఇంక మళ్లీ రానక్కర్లేదండీ." ఆవిడ జాకెట్టు మడిచి తీసుకుని వీధి చివరిదాకా వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

కొట్టు బోసిపోయింది. టైలరు ఏడ్చాడు. ఏడుస్తూనే గడియ పెట్టి, మిషను ఆపి, చెవులు రిక్కించి కూర్చున్నాడు. చాలాసేపు ఏమీ వినబడలేదు.

వీధి దీపాలు వెలిగే వేళకి, లోపల చెప్పులు విప్పిన చప్పుడు వినిపించింది.