ఏడుపు నేర్పిన నాంచారమ్మ

1974 వేసవిలో నాంచారమ్మకి గుండె పెరిగిందని తేలింది. గవర్నర్‌పేట డాక్టరు అచ్యుతరామారావు ఆ సంగతి ఆమెకి చెప్పకుండా, కొడుకు కాశీరావుని వరండాలోకి పిలిచి చెప్పాడు. నలభై ఏళ్లు చేపలమ్మిన నాంచారమ్మకి గొంతు పెద్దది, చెవులు చురుకు.

"నెలో, రెణ్ణెల్లో అంటున్నాడుగా," అంది రిక్షా ఎక్కుతూ.

"గ్యాసంట అమ్మా."

"గ్యాసుకి నువ్వెందుకురా ఏడుస్తన్నావు?"

ఇంట్లో అందరూ ఆమె మొహం చూసి లేని నవ్వు నవ్వడం మొదలుపెట్టారు. కోడలు గంగారత్నం బార్లీ నీళ్లిచ్చి మరీ నవ్వేది. మూడోనాడు నాంచారమ్మ ఆమెను మంచం పక్కన కూచోబెట్టింది.

"నేను పోతే ఎట్టా ఏడుస్తావో ఓసారి చూపించు."

"అయ్యేం మాటలు అత్తా."

"మీ అమ్మ పోయినప్పుడు చూశాగా. నోట్లో గొణుక్కున్నావు. రేపు బందరు నించి జనం వస్తారు, పరువు పోద్ది."

అత్త పొద్దుగూకేదాకా పోరితే గంగారత్నం కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "ఓ అత్తో, పోయావా..."

"వీధిలోకి వినపడాల. నా బొమ్మిడాయిల పులుసు సంగతెత్తు."

గంగారత్నం గొంతెత్తింది. చేపల వాసనకి రోజూ కిటికీ మూసుకునే పక్కింటి టీచరు త్రిపురసుందరి గుండెలు బాదుకుంటూ వచ్చి గడపలోనే కూలబడింది. సూది వెయ్యడానికి వచ్చిన డాక్టరు ఒంటికాలి చెప్పుతో లోపలికి పరిగెత్తాడు.

నాంచారమ్మ దిండుకి ఆనుకుని కూచుని ఉంది. "టీచరమ్మగారిని చూసి నేర్చుకోవే," అంది కోడలితో.

డాక్టరుకి కోపం వచ్చింది. "చావంటే మీకు భయం లేదా మామ్మగారూ?"

"చావుకేం భయం బాబూ. ఎవరూ దాని ఊసెత్తకుండా నన్ను చూసి ఇకిలిస్తన్నారే, అదీ భయం. ఏం కావాలో నన్నడిగితే చెప్పనా?"

డాక్టరు స్టూలు లాక్కుని కూచున్నాడు. "చెప్పండి."

"ఆస్పత్రిలో పెట్టొద్దు. ఊపిరాడకపోతే సూదెయ్యండి. ఆ బార్లీ నీళ్లు మీరు తాగండి."

"పులుసు తినండి. కానీ ఉప్పు వెయ్యకూడదు."

"ఉప్పు లేకుండా అయితే ఇప్పుడే పోతాను."

చేపల బజారులో లాగే బేరమాడారు. సగం ఉప్పు దగ్గర తెగింది.

ఆ రోజు నుంచి కాశీరావు డాక్టరు చెప్పిందల్లా తల్లికి దాచకుండా చెప్పాడు. ఆమె ఏడు నెలలు బతికింది. కార్తీకమాసంలో ఓ ఉదయం కొడుకు చేత తల దువ్వించుకుంటూ, చిక్కు పట్టి లాగాడని తిట్టడం మొదలుపెట్టి, ఆ తిట్టు సగంలో ఉండగా పోయింది.