రెండో చెవి

పెర్మల్ లారీ తలుపు రేకు మీద అరచెయ్యి ఆనించి, రెండో చేత్తో సైగ చేశాడు. లోపల కూర్చున్న సైరుసి తాళంచెవి తిప్పాడు. లారీ రెండుసార్లు దగ్గి, ఒళ్లంతా వణికించుకుంటూ మేలుకుంది. రేడియో మోగుతూనే ఉంది గానీ అది పాటో మాటో తెలియడం లేదు. డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టుంది. యాక్సిలరేటరు తొక్కేకొద్దీ ఆ మోతలోంచి దోమ కూతలాంటి ఈల ఒకటి సన్నగా పైకి లేస్తోంది.

"చాలు, ఆపు," అన్నాడు పెర్మల్. చేతిని నిక్కరుకు తుడుచుకున్నాడు. "రేడియో కంటే రేకే ఎక్కువ మాట్లాడుతోంది బావా. ముందు దీని నోరు మూయించాలి."

"మా ఇంట్లోనూ అదే గొడవ. అక్కడ కూడా వచ్చి ఒక చెయ్యి వేస్తావా?"

"మీ ఆవిడ ముందు ఈ మాట అను, అప్పుడు వస్తా."

సైరుసి భళ్లున నవ్వాడు. చుట్టరికం లేకపోయినా ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. భారీ మనిషి. అతను దిగితే లారీ ఆ వైపు బెత్తెడు పైకి లేచింది.

తవువా బజారులో హనీఫ్ టైర్ల కొట్టు వెనక, గోడకు ఆనించి నాలుగు రేకులు దించిన చోటే పెర్మల్ పనిచేసే చోటు. ముప్ఫై నాలుగేళ్లుగా బస్సులూ టాక్సీలూ చెరుకు లారీలూ అక్కడికే వస్తున్నాయి. దీపాలు వెలగకపోయినా, హారను మూగపోయినా, బ్యాటరీ నిండకపోయినా అతనే చూస్తాడు. రేడియోలు మాత్రం ఎవరూ అడగకపోయినా చూస్తాడు. అరవై రెండేళ్ల పొట్టి మనిషి. టంకం సెగకు వేళ్ల కొనలు కాలి కాలి నున్నబడ్డాయి. ఆ వేళ్లతో సిగరెట్టు నిప్పు నలిపినా అతనికి తెలియదని హనీఫ్ అంటూంటాడు గానీ, పెర్మల్ జన్మలో సిగరెట్టు ముట్టలేదు. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే తలను ఒకవైపుకు వాలుస్తాడు. కొత్తవాళ్లకు అది వినయంలా కనిపిస్తుంది.

రాత్రి వాన పడింది. చేలన్నీ బురదై, ఆ రోజు చెరుకు కొట్టలేదు. అందుకే సీజను నడుమ సైరుసికి ఒక పగలు దొరికింది. లేకపోతే రాకిరాకి వైపు చేలలో ఎత్తిన చెరుకును బా ఊరి చక్కెర మిల్లుకు చేర్చడం, అక్కడ లారీల వరుసలో పడిగాపులు పడడం, మళ్లీ వెనక్కి రావడంతోనే అతని రోజులు వెళ్లిపోతాయి. ఆ లారీ జపానులో ఎవరికో సేవ చేసి, ముసలిదయ్యాక ఓడెక్కి ఈ దీవికి వచ్చింది. స్పీకర్లు తలుపుల అడుగున, మోకాళ్లకు కథ చెబుతున్నట్టు ఉన్నాయి.

"గుండెలదిరే మోత కావాలా?" అనడిగాడు పెర్మల్. బస్సులవాళ్లందరూ అదే అడుగుతారు, అద్దాలు అదరాలంటారు.

"మోత వద్దు. మాట కావాలి. మాట ఒక్కటే."

పెర్మల్ తల వాల్చి చూశాడు. సైరుసి పాత టైరు మీద కూర్చుని, టోపీ తీసి మోకాలికి తగిలించాడు. పెర్మల్ తొందరపెట్టకుండా తలుపు లోపలి అట్టకున్న మరలు విప్పుకుంటూ పోయాడు.

"పోయిన నెల," అన్నాడు సైరుసి. "మిల్లు నుంచి ఖాళీ బండితో వస్తున్నా. రేడియోలో రోజూ ఒంటిగంటకు వచ్చే చావు కబుర్లు చదువుతున్నారు. ఇలైతియా అని వినబడింది. మాకు దారిలో తగిలే ఊరే, అక్కడి వాడెవరో పాపం అనుకున్నా. మర్నాటి మర్నాడు లోడుతో ఆ ఊరి మీదుగానే పోయా. కొండ మీద జనం, అందరూ నల్లబట్టల్లో. టోపీ తీసి గుండెకు ఆనించుకున్నా. అంతే. బండి ఆపలేదు."

"తర్వాత?"

"శనివారం తెలిసింది. ఇలైతియా కాదు, మా ఇలియేసా." అతను టోపీ అంచును వేళ్లతో తిప్పసాగాడు. "పదిహేను సీజన్లు పక్కపక్క సాళ్లలో చెరుకు కొట్టాం. కత్తి చప్పుడు వింటే చాలు, వాడు ఎన్ని మొక్కలు వెనకపడ్డాడో చెప్పేవాణ్ణి. వాడి పేరు మాత్రం వినలేకపోయా. వాణ్ణి మట్టిలో పెడుతుంటే కింద రోడ్డు మీద హారను కూడా కొట్టకుండా వెళ్లిపోయా. వాళ్లావిడ నా లారీని చూసిందట. 'తొందర పని ఉందేమోలే' అందట. తిట్టినా బాగుండేది."

పెర్మల్ బ్యాటరీ దగ్గరకు వెళ్లి, చాసిస్‌కు బిగించిన ఒక తీగను విప్పి తీసుకొచ్చాడు. దాని కొస పచ్చగా తుప్పు పట్టి పొడిపొడిగా రాలుతోంది.

"ఇటు చూడు. చదివేవాడి తప్పు కాదు. నీ చెవి తప్పూ కాదు. తప్పు దీనిది," అన్నాడు. సైరుసి ఆ పచ్చటి పొడిని చాలాసేపు చూశాడు.

ఆ తర్వాత పెర్మల్ తలెత్తలేదు. బ్యాటరీ నుంచి రేడియోకు నేరుగా కొత్త తీగ లాగి, నడుమ ఫ్యూజు వేశాడు. తుప్పు తీగ బిగించిన చోట రంగూ మురికీ గరుకు కాగితంతో గీకి, ఇనుము తళతళలాడాక కొత్తది బిగించాడు. దోమ కూత ఆగిపోయింది. తలుపుల లోపల, ఇంటికప్పులకు వేసే తారు అట్టను ముక్కలు కోసి, సెగ చూపించి, అరచేత్తో అదిమి అంటించాడు. పాత ఉన్ని కంబళి ముక్కలను ఖాళీల్లో కుక్కాడు. పిడికిలితో తట్టి చూశాడు. ఇందాక డొల్లగా మోగిన తలుపు ఇప్పుడు పచ్చి కొబ్బరిబోండాంలా బరువుగా పలికింది. కిటికీ అద్దం గలగలలాడకుండా సైకిలు ట్యూబు కోసి అంచుకు దూర్చాడు. చిరిగిన స్పీకర్లు పారేసి, తన పెట్టెలోని రెండు చిన్నవి తీశాడు.

"ఇంత చిన్నవా?" అన్నాడు సైరుసి.

"మనిషి నోరెంత? మాటకు అంత చాలు."

చెక్కముక్కలతో రెండు గూళ్లు చేసి, స్టీరింగుకు అటూ ఇటూ, అద్దం మూలల్లో, డ్రైవరు మొహానికి ఎదురుగా తిప్పి వాటిని బిగించాడు.

పెర్మల్ భార్య అంగమ్మ కట్టి ఇచ్చిన రొట్టెలూ గుమ్మడికాయ కూరా ఇద్దరూ పంచుకున్నారు. హనీఫ్ నిమ్మాకు టీ పంపించాడు. వాన కడిగిన ఎండ రేకుల మీంచి జారి, లారీ ముందు భాగం మీద పడింది. "ఇంత మంచి ఎండ," అన్నాడు పెర్మల్, ఎవరో తనకోసం తెచ్చిపెట్టినట్టు.

ఒంటిగంటకు కాస్త ముందు లారీని రోడ్డెక్కించారు. ఊరి బయట ఎత్తెక్కుతుంటే ఇంజను ఎప్పటిలాగే రంకెలు వేసింది. చావు కబుర్లు మొదలయ్యాయి. పెర్మల్ రేడియో వైపు చూడకుండా సైరుసి పెదాలనే గమనిస్తున్నాడు. చదువుతున్న మనిషి ఒక పేరు చెప్పాడు. సైరుసి దాన్ని తిరిగి పలికాడు. తండ్రి పేరు, ఊరు, చర్చి, మట్టి ఇచ్చే వేళ... ఒక్కొక్కటీ తిరిగి పలికాడు. ఆ తర్వాత బంధువుల పేర్లు, ఆఖరున ఒక చిన్న మనవరాలి పేరు. ఎత్తు సగంలో బండి పక్కకు ఆపి, ఇంజను మాత్రం ఆపకుండా, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి తల వంచుకున్నాడు.

"తెలిసినవాళ్లా?"

"కాదు. ఎవరో ముసలావిడ. కానీ మొత్తం వినబడింది బావా. చదివేవాడు ఊపిరి తీసుకోవడం కూడా."

"ఎక్కణ్ణించి వస్తోంది మాట? ఎడమవైపా, కుడివైపా, నడుమా?"

"నడుమ. అద్దంలోంచి. అద్దం అవతల కూర్చుని చెబుతున్నట్టుంది." అని సైరుసి ఇటు తిరిగాడు. "నన్ను అడుగుతావేంటి? నీకు వినబడడం లేదా?"

పెర్మల్ నవ్వాడు. "వినబడుతోంది. ఎక్కణ్ణించో మాత్రం తెలియదు. ఎడమ చెవి లేదు నాకు. ఆరేళ్లప్పుడు జ్వరమొచ్చి పోయింది."

సైరుసి అతని మొహాన్ని, వాలిన తలను, కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. "ఇన్నేళ్లుగా వస్తున్నా, ఒక్కసారీ చెప్పలేదే! అయితే ఈ స్టీరియోలన్నీ..."

"స్టీరియో అంటే ఎలా ఉంటుందో నేను ఎన్నడూ వినలేదు బావా. రెండు చెవులుండాలట దానికి." దాచుకోవడానికి ఏమీ లేనట్టు చెప్పుకుపోయాడు. "పోలీసులో తీసుకోలేదు, బస్సు కండక్టరుగా తీసుకోలేదు. మా మామ రేడియోలు బాగుచేసేవాడు. రా, దీనికి ఒక చెవి చాలన్నాడు. చాలదు గానీ, మిగతాది చేత్తో పట్టి చూస్తా. ఆ మిగిలిన కాస్తా బండివాళ్లను అడుగుతా. నా రెండో చెవి మీలాంటివాళ్లదే. ఇంతవరకూ ఎవరూ కాదనలేదు. ఎంతమంది చెవులు అరువిచ్చారో చూడు నాకు!"

సైరుసి కళ్లు మూసుకుని అద్దం వైపు చెవి పెట్టాడు. తర్వాత మెల్లగా, "కొంచెం కుడివైపు ఎక్కువుంది," అన్నాడు.

"అదీ, అలా చెప్పు," అంటూ పెర్మల్ స్క్రూడ్రైవరు అందుకుని కుడి గూడును వెంట్రుకవాసి పక్కకు తిప్పాడు. "ఇప్పుడు?"

"ఇప్పుడు సరిగ్గా ఉంది."

తిరిగి వచ్చాక సైరుసి అతని చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. "వినాకా," అన్నాడు. మళ్లీ అన్నాడు. బజారులో ఎవరికైనా, దేనికైనా కృతజ్ఞతగా అనే మాటే అది. ఆ పూట అది చాలనట్టు మూడోసారి కూడా అన్నాడు.

పెర్మల్ సామాన్లు తుడిచి పెట్టెలో సర్ది, నాలుగింటి బస్సెక్కాడు. ఎడమ చెవి కిటికీ వైపు ఉండేలా కూర్చున్నాడు. ఇంటికి వెళ్లి నీళ్లు పోసుకుని వసారాలోని బల్ల మీద కూర్చున్నాడు. అంగమ్మ వచ్చి కుడిపక్కన కూర్చుంది. పెళ్లయిన మొదటి వారంలోనే, ఎవరూ చెప్పకుండా, ఆమె ఆ పక్కకు మారింది. ముప్ఫై ఆరేళ్లుగా ఆ పక్కనే ఉంది.

"అలసిపోయినట్టున్నావే?" అంది.

"లేదు. మంచి రోజు. ఒకతనికి పేర్లు వినబడేలా చేశా." కాస్త ఆగి, "నీ కూర కూడా బాగుందన్నాడు. అన్నాడో లేదో గానీ, గిన్నె తుడుచుకు తిన్నాడు," అన్నాడు.

ఆమె నవ్వి, టీ పెట్టడానికి లేచింది. పొద్దు చెరుకుచేల మీదికి వాలింది. దూరంగా చిన్న రైలు చెరుకు పెట్టెలను లాక్కుపోతోంది. పెర్మల్ అరచెయ్యి బల్ల మీద ఆనించి, ఆ కదలికను పట్టి చూస్తున్నట్టు కళ్లు మూసుకున్నాడు. అంగమ్మ టీ తెచ్చేసరికి రైలు వెళ్లిపోయింది. ఆమె కుడి చెవి దగ్గరకు వంగి పిలిచింది. రెండోసారి పిలవలేదు. కప్పు కింద పెట్టి, అతని పక్కన కూర్చుని, ఇంకా వెచ్చగా ఉన్న ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది.

పొద్దున్నే సైరుసి ఒక గంపెడు చేమదుంపలతో టైర్ల కొట్టు ముందు లారీ ఆపాడు. హనీఫ్ షట్టరు సగమే ఎత్తి, అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఎక్కడ మా బావ?"

హనీఫ్ లేచి వచ్చి, ఆ భారీ భుజం మీద చెయ్యి వేసి చెప్పాడు. సైరుసి గంపను అక్కడే అరుగు మీద దించాడు. అది ఎత్తుకుని వెళ్లాలో, వదిలి వెళ్లాలో తెలియక కాసేపు నిలబడ్డాడు.

"ఎప్పుడు?" అని మాత్రం అడిగాడు.

"రేపు పదింటికి. ఏటి ఒడ్డున."

మర్నాడు చేలు ఆరాయి, చెరుకు కొట్టారు. సైరుసి లారీ మాత్రం మిల్లుకు పోలేదు. తొమ్మిదికల్లా పెర్మల్ ఇంటి ముందు ఆగింది. వెనకభాగంలో అతని ఊరివాళ్లు పద్నాలుగు మంది, నల్లబట్టల్లో. వాళ్లతో పాటు ఇలియేసా భార్య కూడా ఉంది. లుంగీలాంటి నల్లటి సులు కట్టుకున్న సైరుసి చావింటి కానుకగా పెద్ద చాపనూ యంగోనా మొక్క వేర్ల కట్టనూ మోసుకొచ్చి, వసారాలో పెర్మల్ తమ్ముళ్ల ముందు కూర్చున్నాడు. అరచేతులు గుల్ల చేసి మెల్లగా చప్పట్లు కొట్టాడు. పెద్దలు మాట్లాడే పద్ధతిలో మాట్లాడదామనుకున్నాడు గానీ ఆ మాటలు రాలేదు.

"నేను వచ్చాను," అన్నాడు. "వేళకు వచ్చాను. ఇతను మా బావ."

అంగమ్మ లోపలి నుంచి లేచి వచ్చింది. అతని ఎదుట నేల మీద కూర్చుంది. "పేర్లు వినబడుతున్నాయా అన్నా, నీకు?"

"అన్నీ వినబడుతున్నాయమ్మా."

"చాలా సంతోషంగా చెప్పాడు నాకు," అంది ఆమె. అప్పుడు మొదటిసారిగా ఏడ్చింది.

ఏటి ఒడ్డుకు పాడె మోసినవాళ్లలో సైరుసి ఒకడు. మిగతావాళ్లు పొట్టివాళ్లు కావడంతో, అతను దారి పొడుగునా మోకాళ్లు వంచి నడిచాడు.

సీజను ముగిసే రోజుల్లో మిల్లు కాటా దగ్గర బండి కాగితాలు అడిగారు. సైరుసి ముందున్న సొరుగు తెరిచి లోపల తడిమితే, పైభాగంలో ఏదో చేతికి తగిలింది. నల్ల టేపుతో అంటించిన చిన్న రేకు డబ్బా, దగ్గు బిళ్లలది. ఊడదీసి మూత తెరిచాడు. మూత లోపల పెన్సిలుతో, వంకర అక్షరాలతో రాసి ఉంది: రేడియో ఆగితే ఇది మార్చు బావా, నా కోసం ఆగకు. అడుగున పత్తి పరుపు మీద గాజు ఫ్యూజులు రెండు పక్కపక్కనే పడుకుని ఉన్నాయి, ఒక్కోదాని లోపల వెంట్రుకంత తీగ ఈ కొస నుంచి ఆ కొస దాకా తిన్నగా.