జవాబివ్వని కిటికీ

భానుప్రియ చదివే చదువేమిటో నాయనమ్మ తాయారమ్మకి ఏనాడూ అంతుపట్టలేదు. "ఆటలాడ్డానికి కాలేజీ ఏటే? నా కాడ కూకో, అష్టాచెమ్మా నానే నేర్పుతాను" అనేది. వీడియో గేమ్ తయారు చెయ్యడమంటే ఆడుకోవడం కాదు మామ్మా, బొమ్మలు గియ్యాలి, కథ అల్లాలి, ఒక్కో కదలికా కంప్యూటరుకి అర్థమయ్యేలా రాయాలి, ఇంతా చేశాక ఎవరో కొత్త మనిషి ఆడి పెదవి విరిస్తే మళ్ళీ మొదటికి రావాలి అని భాను చెప్పుకొచ్చేది. సగంలోనే ముసలావిడ గుర్రు పెట్టేది.

ఆ కాలేజీ యాంగోన్‌లో, అంటే బర్మాలోని పాత రంగూన్‌లో, లత పేటలో, ఓ బంగారం కొట్టు మేడ మీద ఉండేది. డిగ్రీ మాత్రం ఎక్కడో విదేశీ యూనివర్సిటీది. ఫిబ్రవరిలో సైన్యం గద్దెనెక్కాక కాలేజీకి తాళం పడింది. క్లాసులో సగం మంది ఊరేగింపుల్లోకి వెళ్ళారు, అక్కణ్ణించి కొందరు అడవుల్లోకి వెళ్ళారు, మిగిలిన వాళ్ళ ఫోన్లు మూగబోయాయి. పాఠం చెప్పే పంతులమ్మ ఒక్కతే, భాను 'సయామా' అని పిలిచే మనిషి, నెట్ వచ్చిన పూటల్లా ఫోనులోనే పాఠాలు లాక్కొచ్చి ఆఖరి ప్రాజెక్టు దాకా తెచ్చింది.

ఆ ప్రాజెక్టుకో కొర్రీ ఉంది. గేమ్‌ని ఎన్నడూ చూడని మనిషొకరు దాన్ని చివరిదాకా ఆడాలి. ఆడుతున్నంతసేపూ తెరా, గొంతూ రెండూ రికార్డు కావాలి. తయారుచేసినవాళ్ళు నోరెత్తకూడదు. "అలా కాదు, ఇటు వెళ్ళు" అని ఒక్క ముక్క అన్నా ఆ రికార్డు చెత్తబుట్టలోకే. "మామూలుగా ఐదుగురు కావాలి. ఈ రోజుల్లో ఒక్కరు చాలని ఒప్పించాను. నెలాఖరు దాటితే మాత్రం నా చేతుల్లో ఏమీ లేదు" అంది సయామా. సైన్యం చేతికింద చదవనని సర్కారు యూనివర్సిటీని భాను తన చేత్తో తనే వదులుకుంది. ఇది కూడా పోతే ఇక మిగిలేది ఐదో అంతస్తులో తమ ఇంటి గోడలే.

ఒక్క మనిషి! యాంగోన్ అంత మహానగరంలో ఒక్క మనిషి దొరకడా అనుకుంటారు మీరు. ఆ జూలై ఎలాంటిదో చూసినవాళ్ళు అలా అనుకోరు. వీధి మొదట్లో పట్టాళం లారీ, వీధి చివర ఆక్సిజన్ సిలిండర్ల కోసం పడిగాపులు. భానుకి జ్వరమొచ్చి పరీక్షలో కరోనా అని తేలగానే మేనత్త వచ్చి తాయారమ్మని చిమిండైంగ్‌లో తన ఇంటికి తీసుకుపోయింది. ముసలావిడ వెళ్ళనంటే వెళ్ళనని మెట్ల మీద కూచుని ఏడ్చింది. ఆనాటి నుంచీ ఆ ఇంట్లో భాను దగ్గు తప్ప మరో చప్పుడు లేదు. పొద్దున్న లేచి పళ్ళు తోముకోవడం దేనికో కూడా తెలిసేది కాదు ఆ పిల్లకి.

ఇంటికీ లోకానికీ మధ్య ఒక్క తాడు మిగిలింది. యాంగోన్ మేడలన్నిటికీ ఉండేదే. బాల్కనీ నుంచి వీధి దాకా వేలాడే తాడు, కింది కొసకి క్లిప్పు, పైకొసకి గంట. కూరలవాడు సంచీ తగిలించి తాడు లాగితే పైన గంట మోగుతుంది. మెట్లెక్కే పని లేదు, మొహం చూసే పని అంతకన్నా లేదు.

"మూడో అంతస్తులో లోకనాదం ఉన్నాడు కదే, ఆయన్ని ఆడమను" అంది తాయారమ్మ ఓ సాయంత్రం ఫోనులో.

"ఆ మనిషినా? నీకు మతి పోయిందా మామ్మా?"

"మనిసే కదే మరి!"

లోకనాథం రైల్వేలో గుమాస్తా. రైల్వే క్వార్టర్లుండే మింగళ తౌంగ్‌న్యున్‌లో రైల్వేవాళ్ళంతా సైన్యానికి పనిచెయ్యమని కొలువులు వదిలి సమ్మెకి దిగి, క్వార్టర్ల నుంచి సామాన్లతో సహా వీధిన పడ్డప్పుడు ఆయన మాత్రం క్యారేజీ పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాడు. భార్య చిలకమ్మకి గుండె జబ్బు, రైల్వే ఆసుపత్రి మందు ఆగితే ఊపిరాగుతుందని చెప్పుకోబోయాడు. ఎవరు విన్నారు? ఇలాంటివాళ్ళతో మాట కలపకూడదని ఊరంతా ఒట్టు పెట్టుకున్న రోజులవి. మెట్ల మీద ఎదురైతే మొహం తిప్పుకునేవాళ్ళు. ఆయన బాల్కనీకి తగలకుండా తాళ్ళు పక్కకి జరిపి కట్టుకున్నారు. నీళ్ళ పండగ జరగని ఆ ఏప్రిల్‌లో చిలకమ్మ పోయింది. వెళ్ళొస్తానని తాయారమ్మ కొంగు బిగిస్తే, భాను గుమ్మానికి అడ్డంగా నిలబడి "నువ్వెళ్తే నేనీ ఇంట్లో ఉండను" అంది.

ఇప్పుడా ఇంట్లో తను తప్ప ఎవరూ లేరు. మేడ చూస్తే దీపం వెలిగే ఇళ్ళు రెండే మిగిలాయి, తనదీ ఆయనదీ. కొందరు ఊళ్ళకి పోయారు, కొందరు కాటికి పోయారు. భాను రెండ్రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగి, చివరికి పాత ఫోనులో గేమ్ పెట్టి, రికార్డు మొదలయ్యేలా చేసి, ఎలా ఆడాలో చీటీ రాసి సంచిలో పడేసింది. తాడుని ఇవతలికి జరిపి మూడో అంతస్తు దాకా దించింది. ఓ చెయ్యి వచ్చి సంచి అందుకుంది. మర్నాడు గంట మోగింది.

ఆ గేమ్ సంగతి చెప్పాలి. ఫిబ్రవరిలో రోజూ రాత్రి ఎనిమిదింటికి ఊరంతా గిన్నెలూ మూకుళ్ళూ మోగించి సైన్యమనే దయ్యాన్ని తరిమేది గుర్తుందా, అదే. వీధి ఇదే వీధి, మేడ ఇదే మేడ. ఆడేవాళ్ళు గరిటె పట్టుకుని ఒక్కో కిటికీ ముందూ మోగించాలి. లోపలి మనిషి కిటికీలోకి వచ్చి తనూ మోగిస్తే దీపం వెలుగుతుంది. అన్నీ వెలిగితే తెల్లవారుతుంది. మూడో అంతస్తులో లోకనాథం ఇంటి నీలం తలుపుల కిటికీ మాత్రం ఎంత మోగించినా పలకదు. అది లేకుండానే తెల్లవారుతుంది. భాను కావాలనే అలా రాసింది. రాసిన రోజు కడుపు చల్లబడింది కూడా.

రికార్డు పెట్టుకుని చూసింది. లోకనాథానికి నడవడమే చేతకాలేదు. గోడలకి గుద్దుకున్నాడు, కాలవలో పడ్డాడు, తనని తనే తిట్టుకున్నాడు. మొదటి కిటికీలో కుట్టుపని గంగాభవాని మూకుడుతో కనిపించగానే "ఓలమ్మో!" అన్నాడు. రెండో కిటికీలో జోగి కనిపించాడు. జోగి చనిపోయి పది రోజులు కాలేదు. "ఓర్నీ జోగీ, ఇక్కడున్నావేట్రా!" అని నవ్వాడు. ఆ నవ్వు చివర దగ్గొచ్చింది. ఆ తరవాత నీలం కిటికీ ముందుకొచ్చి మోగించాడు. ఏమీ లేదు. మళ్ళీ మోగించాడు.

"సిలకా" అన్నాడు మెల్లిగా. "ఓలె సిలకా, ఇలా రాయే ఓపాలి."

అందరూ కనిపిస్తున్నారు కదా, తన మనిషి మాత్రం ఎందుకు కనిపించదని ఆయన మోగిస్తూనే ఉన్నాడు. తక్కిన కిటికీల వైపు పోనే లేదు. విసుక్కోలేదు. ఆగి, చూసి, మళ్ళీ మోగించాడు. ఛార్జింగ్ అయిపోయి రికార్డు ఆగేదాకా అదే పని. సయామాకి పంపడానికి అందులో ఏముంది? ఆట సగంలోనే ఉంది. భాను మాత్రం దాని గురించి ఏడవలేదు. "నేనెంత పాపిష్టిదాన్ని" అని తలగడలో మొహం పెట్టుకుని ఏడ్చింది.

కన్నీళ్ళు తుడుచుకుని పనిలో కూచుంది. చిలకమ్మ ఫోటో లేదు. గుర్తున్నంతలో గీసింది. పెద్ద బొట్టు, బుగ్గల మీద గంధంలా అరగదీసిన తనకా చెక్క పూత, ఓ పక్కకి వాలిన ముడి. చేతిలో మూకుడు పెట్టబోయి ఆగింది. ఆయాసం మనిషి, గట్టిగా పిలవలేకపోయేది. టీ అయిందంటే కిటికీలో నిలబడి స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టేది. వీధి చివర ఉన్నా లోకనాథం పరుగెత్తుకొచ్చేవాడు, మేడంతా నవ్వుకునేది. భాను తన గ్లాసే తీసుకుని, దగ్గు ఆపుకుంటూ ఆ చప్పుడు రికార్డు చేసింది. గేమ్ మారిస్తే అదే మనిషి చేత మళ్ళీ ఆడించొచ్చు, అది పద్ధతే. కాకపోతే ఆ రాత్రితోనే గడువు తీరిపోతుంది.

పొద్దు వాలుతుండగా సంచి దించింది. ఈసారి లోపలికి పోకుండా బాల్కనీ నేల మీద బోర్లా పడుకుని చెవొగ్గింది. ఆయన కూడా బాల్కనీలోనే కూచున్నట్టున్నాడు. గేమ్‌లో మూకుళ్ళు మోగుతున్నాయి. గంగాభవాని అయింది, జోగి అయ్యాడు. ఆ తరవాత గ్లాసు మీద చెంచా, టింగ్ టింగ్.

కింద మూకుళ్ళ మోత ఆగిపోయింది.

టింగ్ టింగ్. మళ్ళీ కాసేపటికి టింగ్ టింగ్. 'ఇంక కదులు బాబాయ్, మిగతావి కూడా వెలిగించు, ఒక్క అరగంట, నీకు దణ్ణం పెడతాను' అని లోపల్లోపలే వేడుకుంటోంది. నోరు మాత్రం మెదపలేదు. నోరు మూసుకోవడం సయామా నేర్పింది, వీధీ నేర్పింది. ఆ విద్యలో భాను ఆరితేరింది.

అప్పుడు కింద నుంచి పిలుపు వచ్చింది.

"పాపా! పైనున్నావేటమ్మా?"

భాను నేలకి మరింత కరుచుకుపోయింది.

"నిన్నేనమ్మా, ఒక్కమాట. సిలక కొడతంది గానీ మాటాడదేటి? నానేటి నొక్కాల, మాటాడాలంటే?"

ఫోను రికార్డు చేస్తోంది. పలికితే ఈ రికార్డూ పోయింది, డిగ్రీ పోయింది, ఇన్నాళ్ళ చదువూ పోయింది. పలక్కపోతే ఆయనే మెల్లిగా సర్దుకుంటాడు, ఇన్ని నెలలూ సర్దుకోలేదూ? కింద మళ్ళీ టింగ్ టింగ్ అంది. ఆయన ఎదురుచూస్తున్నాడు.

"మాటాడదు బాబాయ్!" అని అరిచింది భాను. గొంతు బొంగురుపోయి ఉంది, సగమే వచ్చింది. కమ్మీలు పట్టుకుని లేచి కిందికి వంగింది. "ఆవిడికి మాటలు పెట్టలేదు నాను. నాకు తెలీదు ఆవిడేటి మాటాడుతుందో. నాతో మాటాడండి, నాను పలుకుతాను."

మూడో అంతస్తు బాల్కనీ కమ్మీ మీదికి తెల్లజుట్టు తల ఒకటి వచ్చి, మెడ తిప్పలేక తిప్పి పైకి చూసింది.

"జొరం తగ్గిందేటమ్మా?" అన్నాడు లోకనాథం. "రాత్రుళ్ళు నీ దగ్గు ఇనిపిస్తంది. అడుగుదామని నీ గుమ్మం దాకా వొచ్చీవోణ్ణి. తలుపు కొడితే పలుకుతావో పలకవో అని ఎనక్కి ఎలిపోయీవోణ్ణి."