పరీక్ష గేటు దాటని ముక్కుపుడక

నేను ఒక ముక్కుపుడకని. ఒంటి కెంపు, వెనక సన్నని మర, అంతే నా ఒళ్ళు. అక్షరం ముక్క రాదు నాకు. కానీ ముక్కు మీద కూర్చున్నదాన్ని కదా, నన్ను పెట్టుకున్నావిడ నోటినుంచి వచ్చిన ప్రతి మాటా ముందు నన్ను తాకే బయటికి పోయింది. ఒక్కటీ మరిచిపోలేదు.

పుట్టింది బందరు పక్క చిలకలపూడిలో. గిల్టు నగలకి పేరుపడ్డ ఊరు. అలాంటి చోట మేలిమి బంగారంగా పుట్టానని మొదటినుంచీ నాకు కాస్త టెక్కు. కంసాలి బ్రహ్మయ్య ఊదుగొట్టం ఊది ఊది నన్ను చేస్తుంటే, పెడన నుంచి వచ్చిన నేతగాడు వీరాస్వామి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "మా ఆవిడ ముక్కు చిన్నదండీ, ఎక్కువ బరువు మోయలేదు," అన్నాడు. చిన్నది ముక్కేగాని నోరు కాదని నాకా వారంలోనే తెలిసింది.

ఆ ఆవిడే నాంచారమ్మ. మగ్గం మీద కూర్చున్నా, వీధి కుళాయి దగ్గర బిందె కోసం తగువాడినా నేను ఆమెతోనే. వీరాస్వామి పోయినప్పుడు నన్ను తీసెయ్యమని చుట్టాలు ఒత్తిడి పెట్టారు. "పెట్టినవాడు పోయాడుగాని, తియ్యమని చెప్పి పోలేదు," అంది. నాతోనే మళ్ళీ మగ్గం ఎక్కింది.

ఆమె కూతురి కూతురు లాస్య. ఇంటర్ చదువుతోంది. మగ్గం చప్పుళ్ళో కూర్చుని, ఆ దరువుకే తలాడిస్తూ లెక్కలు చేసే పిల్ల. అప్పుడే వచ్చిపడిందొక పరీక్ష. ఇంకా ఇంటర్ దాటని పిల్లలు డిగ్రీ లెక్కలు రాయాలట! ఆ మార్కులు చూసే కాలేజీవాళ్ళు సీటిస్తారట. బాగా రాస్తే మొదటి ఏడాది లెక్కలు మళ్ళీ చదవక్కర్లేదట కూడా. కాపురానికి రాకముందే ఆ ఇంటి పొయ్యి మీద వంట చేసి చూపించమన్నట్టు లేదూ? మనుషులకి అన్నీ తొందరే. కానీ లాస్య కోరుకున్న కాలేజీకి దారి అదొక్కటే. ఆ ఏడు తప్పితే సీటు లేనట్టే.

పరీక్ష ముందురోజు సాయంత్రం నాంచారమ్మ నన్ను తన ముక్కునుంచి తీసి మనవరాలికి పెట్టబోయింది.

"నగలు వద్దన్నారే అమ్మమ్మా!"

"నగలంటే గొలుసులూ గాజులూనే పిచ్చిమొహమా. ముక్కుపుడక నగ ఎట్టా అవుద్ది? అది మొహంలో భాగం. ఇది పెట్టుకుని నేను గెలవని తగువంటూ లేదు."

పిల్ల నవ్వి ముక్కు అందించింది. నేను జారిపోతానేమోనని పెద్దావిడ తన నేతపని తెలివి చూపించింది. గంజి పట్టిన నూలుపోగు తడిపి, మర చుట్టూ చుట్టి మరీ బిగించింది. తెల్లారేసరికి గంజి ఎండి రాయైపోయింది.

విజయవాడలో పరీక్ష గేటు దగ్గర ఒకావిడ చేతికర్రలాంటి యంత్రంతో పిల్లల్ని తడుముతోంది. లాస్య మొహం దగ్గరికి రాగానే అది కుయ్యిమంది. గోరంత లేను, నాలో ఏ లెక్కలు దాచగలరో నాకైతే తెలీదు.

"అది తీసెయ్ తల్లీ."

"రావట్లేదు మేడమ్!"

తిప్పారు. కొబ్బరినూనె రాశారు. ముక్కు ఎర్రబడిందిగాని నేను కదల్లేదు. "కాసేపట్లో గేటు వేసేస్తారమ్మా, నిమిషం దాటినా రానివ్వరు. నా చేతుల్లో లేదు," అంది గేటు దగ్గరావిడ. ఆమె గొంతులోనూ కంగారే.

తోడొచ్చిన నాంచారమ్మ, పెద్దవాళ్ళని ఆపడానికి కట్టిన తాడు దాటుకుని వచ్చి చూసింది. "నానబెడితే వస్తుంది. అందాకా గేటు ఆగదుగా," అంటూ తమని దింపిన ఆటో వైపు తిరిగింది. "మస్తానూ, వైర్లు కత్తిరించేది ఉందా నీ దగ్గర?"

"వద్దమ్మమ్మా! తాతయ్య చేయించింది..." లాస్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మీ తాత నా ముక్కుకి పెట్టాడేగాని, నీ గేటుకి తాళం వెయ్యమనలేదు. కదలకు."

మస్తాను కటింగ్ ప్లేయరు తెచ్చాడు. "వైర్లు కత్తిరించానుగాని, ముక్కు మీద ఎప్పుడూ పెట్టలేదు మామ్మగారూ."

"ఇదీ వైరే అనుకో, ముక్కు కోశావంటే మాత్రం తిరుగుప్రయాణం నీ ఆటోలో రాం!"

గేటు దగ్గరావిడ కూడా నవ్వేసింది. ఆ నవ్వులోనే ఇనప పళ్ళు కెంపుకీ చర్మానికీ మధ్య దూరి నా నడుం మీద పడ్డాయి. టప్పున రెండు ముక్కలయ్యాను. పిల్ల వెనక్కి చూడకుండా లోపలికి పరిగెత్తింది. నాకైతే బాధ కంటే గర్వమే ఎక్కువైంది. గిల్టుదైతే లోపలి రాగి మొండికేసి సతాయించేది. మెత్తని మేలిమిదాన్ని కాబట్టి ఒక్క పట్టుకే తెగాను!

లాస్యకి సీటొచ్చింది. "మొదటి ఏడాది లెక్కలు చదవక్కర్లేదన్నారు," అని పిల్ల అంటే, "చదవకుండా నువ్వు ఊరుకుంటావా!" అని నాంచారమ్మ మురిసిపోయి, నా రెండు ముక్కలూ కొంగున కట్టుకుని చిలకలపూడి బయల్దేరింది. కొలిమి దగ్గర ఇప్పుడు బ్రహ్మయ్య కొడుకు.

"పాతదానిలాగే మర పెట్టమంటారా అత్తా?"

"మర వద్దురా అబ్బాయ్. తీస్తే వచ్చేట్టు కొక్కెం పెట్టు. ఇది పెట్టుకునే పిల్లకి ఇంకా బోలెడు పరీక్షలున్నాయి."

నాంచారమ్మ ఇదివరకు దేన్నీ అంత తేలిగ్గా ఊడొచ్చేట్టు పెట్టించగా చూడలేదు నేను.

ఇప్పుడు లాస్య ఏ పరీక్షకి వెళ్ళినా గేటు ముందు తనే నన్ను తీసి అమ్మమ్మ అరచేతిలో పెడుతుంది. లోపల ఆ పిల్ల రాస్తుంటుంది, బయట ముసలమ్మ గుప్పిట్లో నేను వెచ్చగా కూర్చుంటాను. ఎలా రాశావని నాంచారమ్మ అడగదు. పిల్ల బయటికి వస్తూనే ముక్కు ముందుకు చాస్తుంది.