క్లైవ్ అచ్చు మీద సుత్తి

హలో, వినబడుతోందా? అందరూ బాగున్నారా? ఈ రోజు కుశల ప్రశ్నలు కాసేపు ఆగాలి. నాకు ఒళ్లు మండిపోతోంది, ముందది చెప్పేస్తాను.

ఇక్కడ ఇంగ్లండులో, స్టోక్‌లో నేను పనిచేసే పింగాణీ కార్ఖానా మూతపడింది. పేరు మాత్రం ఎవరో కొనుక్కున్నారు. ఇకమీదట కప్పులు, జగ్గులు వేరే దేశంలో చేస్తారట. వాటిని పోతపోసే ఇక్కడి ప్లాస్టర్ అచ్చులన్నీ పగలగొట్టేయమని మేనేజరు గారెత్‌కి ఆర్డరొచ్చింది. ఎవరైనా పట్టుకెళ్లి నకళ్లు తీస్తారని భయం.

"అన్నీ స్మాష్ చేసేయండి," అన్నాడు గారెత్, నవ్వుతూ.

స్మాష్ అనే ఆ మాట ఎలా పుట్టిందో తెలుసా? స్మాక్ అంటే లాగి కొట్టడం, మ్యాష్ అంటే మెత్తగా నలిపేయడం, ఆ రెండు మాటలూ కలిసిపోయి వచ్చిందని కొందరంటారు. కాదు, పగిలే చప్పుడే మాటయిందని ఇంకొందరు. తమాషా ఏంటంటే, ఇక్కడివాళ్లు అద్భుతంగా ఉందనడానికీ స్మాషింగ్ అని అదే మాట వాడతారు. మా కార్ఖానాలో అచ్చులు చేసే క్లైవ్ తయారుచేసిన జగ్గుని జనం అలాగే మెచ్చుకునేవాళ్లు. పిడి మీద చిన్న పిట్ట కూర్చుని ఉండేది.

క్లైవ్ మొన్న చలికాలంలో పోయాడు. ఊపిరితిత్తుల నిండా పింగాణీ దుమ్ము. భార్య ఏవ్రిల్ మాతోపాటు రంగులు వేసే మనిషి. ఆవిడ అడిగింది ఒక్కటే, ఆ జగ్గు అచ్చు.

"అల్మారాలో పెట్టుకుంటాను బాబూ. ఆయన చేతి పని, అంతే."

"నీకిస్తే అందరూ అడుగుతారు ఏవ్రిల్. రూల్ రూలే."

"ఆయన ప్రాణం తీసుకున్నారు కదా, అచ్చు కూడా కావాలా మీకు?"

గారెత్ నావైపు తిరిగి సుత్తి చాపాడు. "నువ్వు కొట్టవయ్యా."

మా దగ్గర ఒక పద్ధతుంది. అరిగిన అచ్చుని చేసినవాడే పగలగొట్టాలి. ఇంకొకడు చెయ్యి వెయ్యడు.

"నేను కొట్టను," అన్నాను. పక్కనున్న డెరిక్ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. "నాకు భుజం నొప్పి సార్. పుట్టినప్పట్నుంచీ."

"సరే, నేనే కొడతా," అని గారెత్ సుత్తి ఎత్తాడు.

ఏవ్రిల్ అతని చేతిలోంచి లాగేసుకుంది. "నా మొగుడి పని మీద నీ చెయ్యి పడకూడదు. ఇంటిదాన్ని, నేను కొడతాను."

మొదటి దెబ్బకి పగల్లేదు. గట్టిగా చేశాడు మరి. రెండో దెబ్బకి రెండు ముక్కలైంది. ఆవిడ కంట్లో చుక్క నీరు లేదు. సుత్తి అతని కాళ్ల దగ్గర పడేసి, "మిగతావి నువ్వు చేసుకో," అని కోటు తొడుక్కుంది.

ఆవిడ వెనకే మేమందరం బయటికొచ్చేశాం. సాయంత్రం దాకా గారెత్ ఒక్కడే వానలో పెరట్లో అచ్చులు పగలగొట్టాడు. సూటు తడిసిన ప్లాస్టర్ పొడితో తెల్లగా ముద్దయిపోయింది. గేటు బయట మేం టీ తాగుతూ చూశాం. అతనికి ఒక్క కప్పు కూడా ఎవరూ అందించలేదు. నేనూ అందించలేదు, అందించను కూడా.

క్లైవ్ పేరు నలుగురికీ తెలియాలి. మీ గ్రూపుల్లో ఈ కథ పెట్టండి, దయచేసి.