లోపల థియో

మా సామోస్ ద్వీపంలో గంధకాన్ని థియో అంటాం. దైవికమైనదన్నా ఆ మాటే, బాబాయిని పిలిచినా ఆ మాటే. మా బాబాయి స్తమాతిస్‌ని ఊరంతా థియో అనే పిలుస్తుంది. బాప్తిస్మం నాటి పేరుతో పిలిచేవాళ్ళు ఎప్పుడో పోయారు.

ఆ ఉదయం చర్చి గుమ్మంలో బాబాయి పాదిరితో తగువు పెట్టుకున్నాడు. తాగి సముద్రంలో పడి చచ్చిపోయిన మా నాన్న అగ్ని గంధకాల గుండంలో కాలుతున్నాడని ఆ మహానుభావుడు నా మొహం మీదే అన్నాడు.

"గ్రంథంలో ఉన్న మాట థియోనే కదయ్యా! దానితోనేగా మేం పీపాల్ని శుద్ధి చేసేది? దేవుడు మా అన్నయ్యని కడుగుతున్నాడు, అంతే," అన్నాడు బాబాయి. నన్ను కళ్ళు తుడుచుకోమని కసిరి పనికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం రొట్టె, ఆలివ్ కాయలు పట్టుకుని బాబాయి పనిచేసే ద్రాక్షసారా పీపాల కొట్టుకి వెళ్ళాను. లోపల గంధకం ముట్టించి, బాబాయి తోటి పనివాడు ప్రోకోపిస్ తలుపు సందులకి మట్టి మెత్తుతున్నాడు. ఆ పొగ మర్నాటిదాకా లోపలే ఉండాలి. గోడ వెనక కుళాయి దగ్గర బాబాయి బూట్లు కనిపించాయి. పెద్ద పీపాలోకి దూరి మడ్డి గీకేటప్పుడు తప్ప ఆయన బూట్లు విప్పడు. పీపాలో చల్లగా ఉంటుందని కునుకు తీస్తాడు కూడా. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"లోపల థియో! తలుపు తియ్యి!"

"తెలుసే తల్లీ, ముట్టించింది నేనేగా."

"థియో! లోపల థియో! నీ మొహం మండ, తియ్యి!"

"తీస్తే ఆ పొగకి నువ్వూ నేనూ ఇక్కడే చస్తాం. ఎండదెబ్బ తగిలినట్టుంది, పోయి నీడన కూర్చో."

తలుపు మీద పడబోతే నా రెక్క పట్టుకుని వెనక్కి లాగాడు. వాడి చెయ్యి కొరికాను, అయినా వదల్లేదు. దిక్కుమాలిన నోరు, వేరే మాటే రావడం లేదు! పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆయన్ని అలాగే పిలిచాను మరి.

"స్తమాతిస్!" అని అరిచాను చివరికి. "స్తమాతిస్ లోపల!"

ప్రోకోపిస్ మొహం పాలిపోయింది. "ఓరి దేవుడో, మన థియోనా?" అంటూ గునపం అందుకున్నాడు. రెండు పోట్లకి గొళ్ళెం ఊడింది. మొహానికి తడిగుడ్డ చుట్టుకుని ఆ పొగలోకి దూకాడు. నేను బయట నిలబడి, తెలిసిన సెయింట్లందరికీ మొక్కాను. తెలియని వాళ్ళకీ మొక్కాను.

బాబాయిని చంకల కింద చేతులేసి ఈడ్చుకొచ్చాడు. పెదాలు నీలం తిరిగాయి. నీళ్ళు కొట్టగా కొట్టగా దగ్గు వచ్చింది, ఆ తర్వాత ఊపిరీ వచ్చింది. కళ్ళు ధారలు కడుతున్నాయి. నా వైపు చూశాడు.

"ఇది కడగడం కాదే పిల్లా," అన్నాడు. "గొంతు కోసేస్తోంది. అన్నయ్య ఇదేనా పీలుస్తున్నాడు? నీకు అబద్ధం చెప్పానే."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"నోర్మూసుకో థియో! నువ్వు లోపలున్నావని తెలియగానే ఈ ప్రోకోపిస్‌గాడే తలుపు బద్దలుకొట్టాడు. దేవుడు వీడికన్నా కఠినుడా?"

బాబాయి దగ్గుతూనే నా చెయ్యి పట్టుకున్నాడు. ఇంటికి వెళ్ళేదాకా వదల్లేదు.