పైవార్డు సూది

మేస్త్రీ అమీల్కర్‌ని స్ట్రెచర్ మీద మోసింది మేమే. అరటితోట కంపెనీ ఆసుపత్రి మెట్లు ఎక్కించి, పైవార్డులో చల్లగాలి మిషను కింద పడుకోబెట్టి దిగి వచ్చాం. కింద మా వార్డులో అదే వైరస్ జ్వరంతో మా మగవాళ్ళు మంచానికి ఇద్దరు చొప్పున రొప్పుతున్నారు. వారం తిరిగేసరికి అమీల్కర్ తన కాళ్ళ మీద తానే దిగి వచ్చి, వాకిట్లో కూర్చుని బొప్పాయి తిన్నాడు. మేం వాడి నోటి వంకే చూస్తూ నిలబడ్డాం.

కుళ్ళు. దానికి ఇంకో పేరెందుకు? గెలలు మోసి మోసి కాయలు కాచిన భుజాలకు అందని ఊపిరి, ఈల ఊది మా చేత పని చేయించేవాడికి ఎలా అందింది?

ఒక సూదిమందు వల్లనని డాక్టర్ పల్మా చెప్పాడు. ఈ జ్వరం ముదిరితే ఒంటికి కాపలా కాసే శక్తి వెర్రెత్తి సొంత ఊపిరితిత్తుల మీదే పడుతుందట. ఆ మందు దాన్ని అణిచిపెడుతుందట. పైవాళ్ళకే ఎందుకు వేశారని అడిగితే అతను చేతులు నలుపుకున్నాడు.

ఆ సాయంత్రం ప్యాకింగ్ షెడ్డు నిండిపోయింది.

"వాడి ఒళ్ళు బంగారం, మనది బురదానా?" అని లేచింది దిగ్నా. ఆమె మొగుడు యులోహియో, నా మొగుడు సెగుండో ఒకే మంచం మీద ఉన్నారు. "వాడికి పడ్డ సూదే మనవాళ్ళకీ పడాలి. అందాకా ఒక్క గెల తెగితే ఒట్టు!"

"తెగదు!" అన్నాం అందరం.

గెలల్ని షెడ్డుకు లాగే తీగ లైను ఆపేశాం. కాయ చెట్టునే పండిపోతుంటే కంపెనీ ఎన్నాళ్ళు చూస్తుంది? ఒప్పుకుంది. పచ్చి అరటికాయలు కాల్చుకుని తిని, అక్కడే పాడి ఆడాం. మొదటి సూది యులోహియోకి వేశారు. నా మొగుడికి కాకుండా ముందు ఆమె మొగుడికా అని నాకు దిగ్నా మీద కూడా కుళ్ళు పుట్టింది.

యులోహియో జ్వరం దిగింది. లేచి కూర్చుని నర్సులతో సరసాలాడాడు. తర్వాత కడుపునొప్పి పట్టుకుంది. దగ్గితే నెత్తురు పడింది. పొట్ట చుట్టూ ఎర్రటి చారలు పాకాయి. ప్రాణం పోయింది.

"మీరు కొట్లాడి తెచ్చుకున్న మందే కదా," అన్నాడు కంపెనీ మనిషి.

పాతిపెట్టి వస్తుంటే అమీల్కర్ ఎదురొచ్చాడు.

"మేస్త్రీ మందు కూలోళ్ళ ఒంటికి పడుతుందేంట్రా? నాకు సూది వెయ్యడానికి ముందు ఎంత మర్యాద చేశారో తెలుసా? రక్తం చూశారు, ఊపిరి చూశారు. ఆఖరికి నా పియ్యి కూడా అద్దం కింద పెట్టి చూశారు. ఏదో మాత్ర మింగించారు. ఆ తర్వాతే సూది. మీ పియ్యి ఎవడు చూస్తాడ్రా?"

వాడికి అదో గొప్ప. నాకు ఒళ్ళు భగ్గున మండింది. మనిషి పియ్యిని చూసి కూడా కుళ్ళుకోవాల్సి వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు.

దిగ్నా మాత్రం ఆగిపోయింది. "ఏ మాత్ర?" అంది.

పల్మాని వార్డు గుమ్మంలో అడ్డగించాం. దిగ్నా కళ్ళలోకి చూడలేక నేల చూస్తూ చెప్పాడు.

"మీరు ఏళ్ళ తరబడి బురదలో చెప్పుల్లేకుండా తిరుగుతారమ్మా. సన్నటి నులిపురుగులు అరికాళ్ళలోంచి దూరి పేగుల్లో కాపరం పెడతాయి. ఒంటి కాపలా ఉన్నంతకాలం అణిగి ఉంటాయి. ఈ మందు ఆ కాపలాని పడుకోబెడితే అవి పేగులు దాటి ఊపిరితిత్తుల్లోకి, ఒళ్ళంతటికీ పాకిపోతాయి. ముందే పరీక్ష చేసి మాత్ర ఇస్తే ఆ ముప్పు చాలావరకు తప్పుతుంది."

"మరి మా ఆయనకి చెయ్యలేదేం?"

"ల్యాబ్ పైవార్డుకే. మీకు సూది ఒప్పుకున్నారు గానీ పరీక్ష ఒప్పుకోలేదు. నేను... గట్టిగా అడగలేదు."

సెగుండో ఊపిరి ఆ పూటకి మరీ బరువెక్కింది. పొద్దున్నే అతనికి సూది. వెయ్యకపోతే జ్వరం తినేస్తుంది. చూడకుండా వేస్తే పురుగులు తినేస్తాయి.

షెడ్డులో కేకలు మిన్నంటాయి. "ఆ విషం మాకొద్దు!" అని కొందరు. "వద్దంటే పైవాళ్ళే బతుకుతారు!" అని కొందరు. దిగ్నా లేచింది. ఆమె నా వైపు తిరిగింది.

"నీ మొగుడు బతికున్నాడే నార్సిసా. నాకు కుళ్ళుగా ఉంది. పొద్దున్నుంచీ నీ మొహం చూడలేకపోతున్నా." తర్వాత జనం వైపు తిరిగింది. "మనం వాడి సూదిని చూసి కుళ్ళుకున్నాం. వాడి ఒంట్లో ఏముందని ముందు ఒకడు అడిగాడు చూడండి, కుళ్ళుకోవాల్సింది దానికి. మనల్ని ఎవడూ అడగలేదు. రేపు అడిగిద్దాం."

తెల్లారేసరికి తోట తోటంతా ల్యాబ్ ముందు నిలబడింది. పాలడబ్బాలు, వెన్నడబ్బాలు, మూతులకు గుడ్డలు కట్టి ఎవరిది వాళ్ళు పట్టుకొచ్చారు. నా చేతిలో సెగుండోది ఉంది. పోలీసులు లారీలో దిగారు.

"ఏముంది ఆ డబ్బాల్లో?" అని గద్దించాడు ఆఫీసరు.

"తమరే గుడ్డ విప్పి చూడండి దొరా," అన్నాడొక ముసలాయన. ఆఫీసరు రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ మూలా ఈ మూలా నవ్వులు రేగాయి.

దిగ్నా నా డబ్బా లాక్కుని ల్యాబ్ కిటికీలో పెట్టింది. పక్కనే తనదీ పెట్టింది.

"మా ఆయనది తేలేను. నాది చూడండి. ముందు సెగుండోది చూడండి."

ల్యాబ్ అతను కంపెనీ మనిషి వంక చూశాడు. మా వంక చూశాడు. రెండు డబ్బాలూ లోపలికి తీసుకున్నాడు. కంపెనీ మనిషి సైగ చెయ్యడంతో పోలీసులు దిగ్నాని జుట్టు పట్టి ఈడ్చి లారీలో పడేశారు. నేనూ ఎక్కబోయాను.

"నువ్వెక్కకే!" అని అరిచింది. "ఆ మాత్ర నీ మొగుడి గొంతు దిగేదాకా ఆయన పక్కనుంచి కదిలావో, చంపేస్తా!"

నా పక్కనుంచి షెడ్డు ఆడవాళ్ళు ఒక్కొక్కరే లారీ ఎక్కడం మొదలుపెట్టారు. ఎవరూ పిలవలేదు. దిగమని ఆఫీసరు గొంతు చించుకున్నాడు, ఒక్కతీ దిగలేదు. కింద నిలబడి వాళ్ళని చూసి కుళ్ళుకున్నాను.

వార్డులోకి పరిగెత్తాను. నర్సు అప్పటికే సెగుండో చెయ్యి పట్టి సూది ఎత్తింది. ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాను.

"ముందు మాత్ర," అన్నాను.

వెనక గుమ్మం నిండా నిలబడ్డ జనం అదే మాట అన్నారు.